మారువేషం, మలుపు, నవ్వు: గూడెం కొండల నుంచి తెలుగు గూఢచారి చిత్రాలు

గూఢచారి చిత్రం చూసే ప్రేక్షకుడు రెండు రకాల ఆనందాలను ఆశిస్తాడు. తనకు తెలిసిన రహస్యం తెరమీది పాత్రకు తెలియనప్పుడు నవ్వుకోవడం ఒకటి. తనకు తెలుసుననుకున్నది తప్పని తేలినప్పుడు ఉలిక్కిపడడం రెండవది. మొదటిదాన్ని హాస్యమనీ, రెండవదాన్ని మలుపనీ అంటున్నాం. పోరాటాలు, వాహనాల వెంటాటలు, తుపాకుల మోతలు ఈ రెండింటినీ కలిపే సందు మాత్రమే. తెలుగులో ఈ కోవ చిత్రాలను అనుకరణలుగా చూసి పక్కన పెట్టడమే విమర్శకు అలవాటు. 1962లో మొదలైన జేమ్స్ బాండ్ చిత్రాల ప్రభావం 1966 నాటి ‘గూఢచారి 116’ మీద ఉందనడంలో సందేహం లేదు. అయితే ప్రభావాన్ని గుర్తించడంతో పరిశీలన పూర్తి కాదు. వేషం మార్చుకున్న వీరుడిని చూసి నవ్వుకునే అలవాటు తెలుగు ప్రేక్షకుడికి బాండ్ వల్ల వచ్చినది కాదు. ఆ నవ్వు సాగాలంటే వేషం మార్చడానికి ప్రాణం మూల్యంగా ఉండకూడదు. ఆ మూల్యం చెల్లించిన నేల తెలుగు దేశంలోనే ఉంది. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోనిది, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది అయిన గూడెం కొత్తవీధి ప్రాంతం అటువంటిది. గూఢచారి చిత్రాన్ని ఆ కొండల వైపు నుంచి చూస్తే ఏ నవ్వు నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది ఇక్కడ పరిశీలనాంశం. (గూఢ శబ్దానికీ గూడెం అన్న మాటకూ వ్యుత్పత్తి సంబంధం ఏమీ లేదు. చెవికి దగ్గరగా వినిపించడం యాదృచ్ఛికమే.)

విరాటుని కొలువు నుంచి

తిక్కన భారత రచనను విరాటపర్వంతో ఆరంభించాడు. ఆ పర్వాన్ని నేటి చలనచిత్ర పరిభాషలో చెప్పవలసివస్తే అది సంపూర్ణమైన గూఢచారి కథ. ఆరుగురు మారుపేర్లతో పరాయి రాజు కొలువులో చేరారు. గుర్తింపబడితే మళ్లీ అరణ్యవాసం తప్పదు. వారిని వెతకడానికి దుర్యోధనుడు చారులను పంపాడు. చారులు పాండవులను కనుగొనలేకపోయారు గాని కీచకుడు చచ్చాడన్న వార్త తెచ్చారు. ఆ ఒక్క వార్త ఆధారంగా దుర్యోధనుడు భీముడి ఉనికిని ఊహించాడు. వార్త తెచ్చినవాడికి దాని అర్థం తెలియదు, విన్నవాడికి తెలుస్తుంది. గూఢచారి కథల్లో నేటికీ వాడుకలో ఉన్న ఒక మంచి ఉపాయం ఇది.

హాస్యం ఉత్తర గోగ్రహణంలో వస్తుంది. అంతఃపుర స్త్రీల ముందు బీరాలు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే పారిపోతాడు. బృహన్నల వెంటబడి పట్టుకుంటాడు. ఈ ఘట్టంలో నవ్వు పుట్టేది ఉత్తరుడి పిరికితనం వల్ల మాత్రమే కాదు. పరిగెత్తేవాడి వెనుక పరిగెత్తుతున్న ఆ ‘పేడి’ ఎవరో శ్రోతకు తెలుసు, ఉత్తరుడికి తెలియదు. ఆ తేడాలోంచే నవ్వు వస్తుంది. ఆ తర్వాత జమ్మిచెట్టు దగ్గర అర్జునుడు తన్ను తాను తెలుపుకున్నప్పుడు ఉత్తరుడు వెంటనే నమ్మడు. దశనామాలు చెప్పి నిరూపించుకోవలసి వస్తుంది. రహస్యం బయటపడడం ఒక ఎత్తు, బయటపడిన రహస్యాన్ని ఎదుటివాడు నమ్మడం మరొక ఎత్తు. ఈ రెండవ మెట్టును మన గూఢచారి చిత్రాలు చాలావరకు దాటవేశాయి. నాయకుడు గడ్డం ఊడదీసి, టోపీ తీయగానే అందరూ నమ్మేస్తారు.

1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘నర్తనశాల’ ఈ నిర్మాణాన్ని తెరమీద స్థిరపరచింది. బృహన్నలగా ఎన్.టి. రామారావు, ఉత్తరకుమారుడిగా రేలంగి నటించిన ఆ చిత్రం చూసిన మూడేళ్లకు తెలుగు ప్రేక్షకుడు ‘గూఢచారి 116’ చూశాడు. అంటే మారువేషపు నవ్వుకు అతడు ముందే సిద్ధమై ఉన్నాడు. భరతుడు హాస్యరసానికి వికృతమైన వేషాలంకారాలను విభావాలుగా చెప్పాడు. నిర్వహణ సంధిలో అద్భుతం ఉండాలన్నాడు. తెలుగు గూఢచారి చిత్రం మొదటి సూత్రాన్ని పుష్కలంగా వాడుకుని, రెండవదాన్ని ‘మలుపు’గా మార్చుకుంది.

116 నుంచి జేమ్స్ పాండ్ దాకా

సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మాతలుగా, ఎం. మల్లికార్జునరావు దర్శకుడిగా, కృష్ణ, జయలలిత నాయికానాయకులుగా వచ్చిన ‘గూఢచారి 116’కు రచన చేసినవాడు ఆరుద్ర. ఈ విషయం విమర్శకులకు తగినంత ఆసక్తి కలిగించలేదు. ఆరుద్ర స్వయంగా డిటెక్టివ్ నవలలు రాశాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ అద్దె పుస్తకాల దుకాణాల్లో చేతులు మారుతున్న కాలం అది. కనుక 116 సంఖ్య గల ఏజెంటు లండన్ నుంచి నేరుగా మద్రాసు స్టూడియోలో దిగలేదు. తెలుగు అపరాధ పరిశోధన నవలల పాఠకుడి గుండా వచ్చాడు. ఆ చిత్రాన్ని హిందీలో ‘ఫర్జ్’గా 1967లో తీసిన రవికాంత్ నగాయిచ్ తెలుగు చిత్రానికి ఛాయాగ్రాహకుడు కావడం కూడా గమనార్హం. తెలుగులో కుదిరిన అచ్చు హిందీకి వెళ్లింది.

ఈ చిత్రంలో నాయకుడు ఎవరన్నది ప్రేక్షకుడికి మొదటి నుంచీ తెలుసు. తెలియనిది శత్రువు ముఖం. మలుపంతా శత్రువు వైపే ఉంటుంది. నాయకుడి స్వరూపం మీద అనుమానపు నీడ పడదు. ప్రేమ, పాటలు, హాస్యం ఈ నిశ్చింత మీదే నడుస్తాయి. తర్వాత 1971లో ‘జేమ్స్ బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’ దాకా కృష్ణ నటించిన చిత్రాలు ఇదే ఒప్పందాన్ని కొనసాగించాయి. వాటిని విడివిడిగా వివరించవలసిన అవసరం కనిపించదు.

1986లో జంధ్యాల ‘చంటబ్బాయ్’ ఈ ఒప్పందాన్ని తిరగేసింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా వచ్చిన ఈ చిత్రంలో చిరంజీవి పాత్ర పాండురంగారావు తన్ను తాను ‘జేమ్స్ పాండ్’ అని చెప్పుకుంటాడు. బాండ్‌కు ఒక్క అక్షరం మారిస్తే ఊరి చెరువు అవుతుంది. జంధ్యాల హాస్యానికి ఇది తగిన నమూనా. ఇక్కడ శత్రువు ముఖ్యం కాడు. పరిశోధకుడి గొప్పలే నవ్వుకు ఆధారం. తీరా చూస్తే తప్పిపోయిన వ్యక్తి కోసం సాగిన వెతుకులాట వెతికేవాడి దగ్గరికే వచ్చి ఆగుతుంది. మలుపు శత్రువు వైపు నుంచి నాయకుడి వైపు జరిగింది. ‘వాడెవడు?’ అన్న ప్రశ్న ‘నేనెవరు?’గా మారింది. తెలుగు గూఢచారి హాస్యచిత్రాల చరిత్రలో నిర్ణాయకమైన మార్పు ఇదే. దీనికి రావలసినంత పేరు రాలేదు. నవ్వించిన చిత్రాన్ని ఆలోచించదగినదిగా ఒప్పుకోవడానికి పండితలోకం ఎప్పుడూ కొంత వెనుకాడుతుంది.

2019 జూన్ 21న విడుదలైన స్వరూప్ ఆర్.ఎస్.జె. చిత్రం ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ పాండురంగారావుకు వారసుడిని నెల్లూరులో నిలబెట్టింది. నవీన్ పోలిశెట్టి పోషించిన ఆత్రేయ చిన్న దొంగతనాలు విచారిస్తూ, ఆంగ్ల డిటెక్టివ్ చిత్రాలు చూసి ఒంటబట్టించుకున్న కోటు, టోపీలతో తిరుగుతాడు. ఆ వేషమే హాస్యం. అయితే రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని శవాలు దొరకడంతో ఆ కోటు లోపలి మనిషి బయటికి వస్తాడు. మోక్షం మీద నమ్మకాన్ని సొమ్ము చేసుకునే దందా వైపు కథ నడుస్తుంది. అంత్యక్రియలు, పేరు, బంధువు లేని శవం చుట్టూ అల్లిన మలుపులు కనుక ప్రథమార్ధంలో నవ్విన ప్రేక్షకుడు ద్వితీయార్ధంలో తన నవ్వును తానే అనుమానిస్తాడు. ఈ చిత్రం బలం అక్కడ ఉంది. మలుపుల సంఖ్య కాస్త ఎక్కువైందన్న మాట నిజమే. చివరి వివరణలు ఊపిరి తీసుకోనివ్వవు. కాని హాస్యం ఎక్కడ ఆగాలో ఈ దర్శకుడికి తెలుసు.

కొండ మీద వేగు

ఇక గూడెం వైపు చూడాలి. ‘గుర్తు తెలియని’, ‘అనుమానాస్పద’ వంటి మాటలు మైదాన ప్రాంత ప్రేక్షకుడికి చిత్రకథలో భాగం. గూడెం కొత్తవీధి, చింతపల్లి, సీలేరు ప్రాంతాల్లో అవి దినపత్రికల మాటలు. గత కొన్ని దశాబ్దాల్లో ‘ఇన్‌ఫార్మర్’ అన్న ముద్రతో గిరిజనులు హత్యకు గురైన వార్తలు మన్యానికి కొత్త కావు. ‘కొరియర్’ అన్న అనుమానంతో ప్రశ్నింపబడడమూ కొత్త కాదు. అడవిలో కనిపించిన మనిషి ఎవరి మనిషి అన్న ప్రశ్న రెండు వైపుల నుంచీ ఒకే మనిషి మీద పడుతుంది. సినిమాహాలులో రెండు వైపులా పనిచేసే గూఢచారి గొప్ప మలుపు. ఇక్కడ ఆ అనుమానం కలిగించడమే ప్రమాదం.

ఈ పరిస్థితికి పాత మూలం ఉంది. వలస పాలనలో ముఠాదారుకు ఇచ్చిన సనదులో పన్ను చెల్లింపుతో పాటు శాంతిభద్రతల బాధ్యత కూడా ఉండేది. తన ముఠాలో కలవరం ఏర్పడితే అధికారులకు తెలియజేయాలి, పోలీసులకు సహాయపడాలి. అంటే వేగు చెప్పడం భూమి హక్కుకు షరతు. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ‘సబాల్టర్న్ స్టడీస్’ మొదటి సంపుటంలో 1839 నుంచి 1924 వరకు గూడెం, రంప ప్రాంతాల్లో జరిగిన ఫితూరీల మీద రాసిన వ్యాసం ఈ కొండల తిరుగుబాట్లను ఒక వరుసగా చూపింది. ఆ వరుసలో ముఠాదారు ఒకప్పుడు తిరుగుబాటు నాయకుడు, మరొకప్పుడు ప్రభుత్వపు కన్ను. గూఢచారి చిత్రాల రచయితలు ఊహించి అల్లే ద్వంద్వ జీవితం అతడికి ఉద్యోగ నిబంధన.

దీనికి ఎదురుగా కొండ ప్రజల వేగు ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అన్న ఇద్దరు తెల్ల అధికారులు హతులయ్యారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి అధికారులను గురిచూశారన్నది ప్రసిద్ధం. బలగం ఏ దారిన, ఏ క్రమంలో వస్తోందో పొదల వెనుక ఉన్నవారికి తెలుసు. ఆ తెలివిడి ఒక నాయకుడి చేతిలోని రహస్యపత్రం వల్ల వచ్చినది కాదు. దారి పక్కన పోడు చేసేవారు, కట్టెలకు పోయేవారు, సంతకు నడిచేవారు కలిసి ఉంచుకున్న సమాచారం అది. గూఢచారి చిత్రంలో రహస్యం ఒక్కడి సొత్తు. లోకమంతా తెలియనివారు. దామనపల్లిలో తెలియనివాడు బయటి నుంచి వచ్చిన అధికారి ఒక్కడే. చిత్రరంగం ఇంతవరకు ఈ రెండవ రూపాన్ని పట్టుకోలేదు. ఒక నటుడి ముఖం చుట్టూ తిరిగే కెమెరాకు ఊరంతా కలిసి దాచిన సంగతిని చూపడం కష్టం.

చెప్పి వచ్చినవాడు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. తీసుకున్న ఆయుధాల వివరాలు రాసి సంతకం చేసిపెట్టడం ఆ దాడుల విశిష్టత. అక్టోబరులో అడ్డతీగల మీదికి ముందే తెలియజేసి వెళ్లాడు. జనశ్రుతిలో ‘మిరపకాయ టపా’గా నిలిచిన ఆ ముందస్తు హెచ్చరిక గూఢచర్యానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది. గూఢచారి పేరు దాస్తాడు, ఇతడు సంతకం పెడతాడు. గూఢచారి చెప్పకుండా వస్తాడు, ఇతడు రోజు చెప్పి వస్తాడు. తాసిల్దారు బాస్టియన్ హయాంలో దారి పనుల్లో కూలి దక్కక, మాట దక్కక నలిగిన జనానికి బహిరంగంగా వచ్చి బహిరంగంగా వెళ్లే మనిషి ఎందుకు అంతటివాడిగా కనిపించాడో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

చరిత్ర ఇంత సూటిగా లేదన్న అభ్యంతరం రావచ్చు. అది న్యాయమే. తిరుగుబాటుకు ముందు పోలీసు నిఘా నుంచి తప్పుకోవడానికి రాజు నేపాల్ యాత్ర మాట చెప్పి అధికారి ఫజులుల్లా దగ్గర అనుమతి పొందాడు. సన్యాసి వేషం సంగతి సరేసరి. అయితే కాషాయం అతడికి మారువేషం కాదు. అది ముందు నుంచీ అతని బతుకు. ఇక యాత్ర పేరు చెప్పడం కదలడానికి అవకాశం సంపాదించుకోవడం. శత్రువు కొలువులో ఉద్యోగిగా కుదురుకోవడం కాదు. ఈ తేడాను చెరిపితే తర్వాతి చర్చ మొత్తం తారుమారవుతుంది.

ఆ తేడాను చెరిపిన చిత్రం 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’. కల్పిత కథ అని రాజమౌళి ముందే చెప్పాడు కనుక చరిత్రను వక్రీకరించాడన్న ఆరోపణకు ఇక్కడ చోటు లేదు. ప్రశ్న రూపానికి సంబంధించినది. విజయేంద్రప్రసాద్ కథలో సీతారామరాజు వలస పోలీసు అధికారి. కొమురం భీము ఢిల్లీలో అఖ్తర్ అన్న పేరుతో మెకానిక్‌గా ఉన్నాడు. అతడిని పట్టుకోవడానికి రాజు కూడా వేషం మార్చాడు. ఇద్దరూ స్నేహితులయ్యారు. ఒకరినొకరు ఎరుగరు. ప్రేక్షకుడు ఇద్దరినీ ఎరుగును. విరాటపర్వపు అచ్చు ఇది. అందుకే ప్రథమార్ధంలోని హాస్యం అంత తేలికగా పండింది. జెన్నీ కారు చక్రం కింద మేకులు పరచి, భీముకు పరిచయం కుదిర్చే రాజును చూసి హాలు నవ్వుతుంది. ఆ చేయే రేపు సంకెళ్లు వేస్తుందని అదే హాలుకు తెలుసు. తెలుగు తెర మీద నవ్వునూ భయాన్నీ ఒకే దృశ్యంలో ఇంత నేర్పుగా పెనవేసిన సందర్భాలు తక్కువ. పాము కాటుకు లోనైన రాజుకు వైద్యం చేస్తూ భీము తన అసలు పేరు చెప్పే ఘట్టం జమ్మిచెట్టు దగ్గరి సన్నివేశానికి తిరగేసిన రూపం. అక్కడ ఎదుటివాడు నమ్మలేదు. ఇక్కడ నమ్ముతాడు, నమ్మినందుకే విరిగిపోతాడు.

ఇంతవరకు ప్రేక్షకుడి దగ్గర దాపరికం లేదు. దాచింది ఒక్కటే: రాజు ఆ ఉద్యోగంలో ఎందుకున్నాడు? తండ్రికిచ్చిన మాట కోసం, తన ఊరికి తుపాకులు చేర్చడం కోసం అన్న సమాధానం పూర్వకథలో తెలుస్తుంది. చిత్రానికి ఆయువుపట్టు ఈ మలుపే. దీని వల్ల అంతవరకు చేసిన లాఠీదెబ్బలన్నీ త్యాగంగా మారిపోతాయి. గూడెం కొండల నుంచి చూస్తే చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. చింతపల్లి స్టేషనులో సంతకం పెట్టి తీసుకున్న తుపాకి ఈ కథలో పదోన్నతి ద్వారా రావలసి వచ్చింది. బయటపడి వచ్చినవాడు లోపల దాగినవాడయ్యాడు. పోలీసు దుస్తుల వెనుక మనవాడే ఉన్నాడన్న ఊరట మైదానపు ప్రేక్షకుడికి తీయగా ఉంటుంది. దుస్తుల వెనుక ఎవరున్నారో అన్న అనుమానంతో తరాలు గడిపిన ప్రాంతానికి ఆ ఊరట అంత సులభంగా అందదు. రాజమౌళి మలుపు దెబ్బతినేది కల్పన కావడం వల్ల కాదు. గూఢచారి చిత్రపు రూపం తనకు తెలిసిన వీరుడిని మాత్రమే తయారు చేయగలదు, అది దాగినవాడినే వీరుడిగా గుర్తుపడుతుంది. అందువల్ల దెబ్బతింది.

‘గూఢచారి 116’లో నటించిన కృష్ణే 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’లో రాజు పాత్ర ధరించాడు. చింతపల్లి అడవుల్లో చిత్రీకరణ సాగింది. దర్శకుడు వి. రామచంద్రరావు నిర్మాణం మధ్యలో మరణించడంతో పోరాట సన్నివేశాలను కె.ఎస్.ఆర్. దాస్ తీశాడు. ‘జేమ్స్ బాండ్ 777’, ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసిన చేయే దాస్‌ది. అంటే గూఢచారి నటుడు, గూఢచారి చిత్రాల దర్శకుడు ఇద్దరూ ఆ అడవికి వచ్చారు. అయినా 1974 చిత్రం రాజును దాచలేదు. విల్లు పట్టి, కాషాయం కట్టి ఎదురుగా నడిపింది. మహారథి సంభాషణల్లో రాజు శత్రువుతో ముఖాముఖి మాట్లాడతాడు. గుర్రాల పరుగులో, కెమెరా కదలికలో దాస్ ముద్ర కనిపిస్తుంది గాని మారువేషం, మలుపు కనిపించవు. గూఢచారి చిత్రాల వేగాన్ని తీసుకుని వాటి రహస్యాన్ని వదిలేసిన చిత్రం అది. ఆ ఎంపిక ఉద్దేశపూర్వకమా, కథ బలవంతమా అన్నది వేరే చర్చ. ఫలితం మాత్రం చరిత్రలోని సంతకానికి దగ్గరగా ఉంది.

‘ఆర్ఆర్ఆర్’ విడుదలైన 10 రోజులకు, 2022 ఏప్రిల్ 4న, గూడెం కొత్తవీధి మండలం చేరిన కొత్త జిల్లా అల్లూరి సీతారామరాజు పేరుతో ఏర్పడింది. ఒకే పేరు ఆ వసంతంలో తెర మీదా జిల్లా పటంలోనూ వెలిసింది. చిత్రం చివర రాజు తన ఊరికి తుపాకులు తెచ్చి పంచుతాడు. చేతులు చాచే ఆ జనంలో పేరున్నవారు దాదాపు లేరు. గాం సోదరుల పాత్రలు ఈ చిత్రంలో లేవు. 1974 చిత్రంలో ఉన్నాయి. గాం గంటందొర 1924లో రాజు మరణించిన కొద్ది వారాలకే పోరాటంలో చనిపోయాడు. అతని సోదరుడు మల్లుదొర 1923లో పట్టుబడి, అండమాన్‌కు పంపబడి, తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరుగుబాటుదారుడు, ద్వీపాంతర ఖైదీ, పార్లమెంటు సభ్యుడు: మూడు దశల్లోనూ అతడు వాడింది ఒకే పేరు.